సముద్రం అడుగున బురద అగ్నిపర్వతాలు, గ్యాస్ ఊటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊడ్పులకు దమ్ము చేసిన చేలో దిగి నడిచినవాళ్లకు ఒక సంగతి తెలుసు. కాలు దిగబడిన చోటల్లా బుడబుడమని బుడగలు లేస్తాయి. చిన్నప్పుడు నాన్న వెనకాల గట్టు దిగి, కావాలని మడమతో నొక్కి మరీ ఆ బుడగలు తెప్పించేవాణ్ణి. ఒక్కోసారి గుప్పున కుళ్లు వాసన కొట్టేది. గాలి తగలని బురదలో పాత మోళ్లు, ఆకులు కుళ్లి పుట్టిన గ్యాసు అది. అందులో ఎక్కువ భాగం మీథేన్. సముద్రం అడుగున జరిగే కథకు మొదలు ఆ చేలోనే ఉంది. అక్కడ బురద మోకాలి లోతు కాదు, కిలోమీటర్ల మందం. నొక్కేది పిల్లాడి మడమ కాదు, లక్షల ఏళ్లుగా మీద పేరుకున్న ఒండ్రు బరువు.

బురద అగ్నిపర్వతం అంటే ఏమిటి? అందులో నిప్పు ఉంటుందా?

ఉండదు. పేరులో అగ్ని ఉంది గానీ లోపల లావా లేదు. భూమి పొరల్లో చిక్కుకుపోయిన మెత్తని బంకమట్టి, నీరు, గ్యాసు కలిసి ఒత్తిడి తట్టుకోలేక పైకి తన్నుకొచ్చి, బయట కుప్పగా పేరుకుంటే అదే బురద అగ్నిపర్వతం. వచ్చే దారిలో పై పొరల రాళ్లను విరగ్గొట్టి ముక్కలు ముక్కలుగా మోసుకొస్తుంది. అందుకే ఆ బురదను జల్లెడ పడితే ఎన్నో వయసుల రాళ్లు దొరుకుతాయి. తవ్వకుండానే కిందేముందో తెలిపే నమూనాలవి.

గోరింటాకు కోన్ నొక్కడం చూశారు కదా. సన్నని కొస నుంచి ముద్ద బయటికొచ్చి చిన్న గోపురంలా నిలబడుతుంది. పలచగా కలిపితే నిలబడదు, పారిపోతుంది. బురద అగ్నిపర్వతాలూ అంతే. చిక్కని బురదైతే శిఖరం, పలచనిదైతే పళ్లెంలా పరుచుకున్న మడుగు.

మరి గ్యాస్ ఊట?

బురద రాకుండా గ్యాసు మాత్రమే, లేదా గ్యాసు కలిసిన నీరు మాత్రమే మెల్లగా ఊరుతూ బయటికొచ్చే చోటు. ఏటి ఇసుకలో చెలమ తీస్తే నీరు ఎలా ఊరుతుందో, సముద్రపు నేలలోంచి గ్యాసు అలా ఊరుతుంది. వీటిని చల్లని ఊటలు అంటారు. సముద్రం అడుగున మరుగుతున్న నీళ్లు చిమ్మే వేడి ఊటలు వేరే ఉన్నాయి, వాటితో కలిపేసుకోకూడదని ఆ పేరు. గ్యాసు బయటపడిన చోట నేల కుంగి గుంటలు పడడం కూడా మామూలే. కెనడాలోని నోవా స్కోషియా తీరంలో ఇలాంటి గుంటలను 1970లో మొదటిసారి వర్ణించారు. మశూచి మచ్చల్లా కనిపించాయని ఆ అర్థం వచ్చే పేరే పెట్టారు.

అసలు అంత ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

పెరుగును గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే నీరంతా మెల్లగా కారిపోయి గట్టి ముద్ద మిగులుతుంది. అదే పెరుగును ప్లాస్టిక్ కవర్లో పోసి మూతి బిగించి మీద బరువు పెడితే? నీరు పోయే దారి లేదు. బరువంతా నీటి మీదే పడుతుంది. ఎక్కడ చిన్న చిల్లు దొరికితే అక్కడ చివ్వున చిమ్ముతుంది.

సముద్రంలోకి నది తెచ్చే ఒండ్రు నిదానంగా పడితే మొదటి మూటలా నీరు కారిపోయి, మట్టి గట్టిపడి రాయి అవుతుంది. ఒండ్రు తొందర తొందరగా, అందులోనూ సన్నని బంకమట్టి ఎక్కువగా పడితే నీరు తప్పించుకునేలోపే మీద ఇంకో పొర, దాని మీద మరో పొర వచ్చి పడతాయి. బంకమట్టి నీటిని అంత తేలిగ్గా వదలదు. అలా నీటిని వదలకుండానే లోతుకు కూరుకుపోయిన పొర రెండో మూట అవుతుంది. అందులోకి గ్యాసు కూడా చేరితే చుట్టూ ఉన్న రాతి కంటే తేలికై, నీళ్లలో ముంచిన బెండులా పైకి లేవాలని చూస్తుంది. పైన ఒక పగులు దొరికితే చాలు.

ఇందులో మన నేలకు సంబంధించిన ముచ్చట ఒకటుంది. ఎండాకాలం నెర్రెలిచ్చి, వాన పడగానే ఉబ్బే నల్లరేగడి మట్టి సంగతి ఏ రైతునడిగినా చెబుతారు. అలా ఉబ్బడానికి కారణం స్మెక్టైట్ అనే ఖనిజం. తన రేకుల మధ్య నీటిని దాచుకోవడం దాని గుణం. ఆ మట్టి సముద్రం కింద కిలోమీటర్ల లోతుకు కూరుకుపోయి, అక్కడి వేడి సుమారు 60 డిగ్రీలు దాటాక, స్మెక్టైట్ మెల్లగా ఇల్లైట్ అనే మరో ఖనిజంగా మారుతూ దాచుకున్న నీటిని వదిలేస్తుంది. అంటే మూత బిగించిన కవర్లో లోపలి నుంచే ఇంకాస్త నీరు పోసినట్టు. ఒత్తిడి మరింత పెరుగుతుంది. దక్కను నల్లరేగడి మీదుగా వచ్చే కృష్ణా గోదావరులు బంగాళాఖాతంలో కలిపే ఒండ్రులో ఈ స్మెక్టైట్ సమృద్ధిగా ఉంటుంది.

గ్యాసు ఎలా పుడుతుంది?

రెండు రకాలుగా. నేలకు దగ్గరి పొరల్లో, చల్లగా ఉన్నచోట సూక్ష్మజీవులు కుళ్లిన పదార్థాన్ని తిని మీథేన్ విడుస్తాయి, దమ్ము చేసిన చేలో లాగా. బాగా లోతున, వేడికి, అదే కుళ్లిన పదార్థం ఉడికి చమురు, గ్యాసుగా మారుతుంది. బయటికొచ్చిన బుడగ ఏ రకమో దానిలోని కార్బన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న కార్బన్ పరమాణువులు), ఈథేన్ లాంటి ఇతర వాయువుల పాళ్లు చూసి చెప్పగలరు. చమురు వెతికేవాళ్లకు ఈ ఊటలంటే అంత ఆసక్తి అందుకే.

ఇవి ఎలాంటి చోట్ల ఏర్పడతాయి?

మందమైన ఒండ్రు, దాన్ని పిండే బలం, పైకి రావడానికి పగులు. ఈ మూడూ కలిసిన చోట వెతకాలి.

అన్నీ దండిగా కుదిరిన చోటు కాస్పియన్ సముద్రపు దక్షిణ భాగం. అక్కడ ఒండ్రు మందం 20 కిలోమీటర్లు దాటుతుంది. అడుగున మైకోప్ అనే బంకమట్టి పొర ఉంది, నీటితో, సేంద్రియ పదార్థంతో నిండినది. పక్క నుంచి కాకసస్ పర్వతాలను లేపిన ఒత్తిడి. అందుకే అజర్‌బైజాన్‌లో నేల మీదా నీటి కిందా కలిపి వందల సంఖ్యలో బురద అగ్నిపర్వతాలున్నాయి. ప్రపంచంలో మరెక్కడా ఇంత గుంపుగా లేవు.

రెండో రకం చోటు, ఒక భూఫలకం, అంటే భూమి పైపెంకులోని ఒక పెద్ద ముక్క, మరోదాని కిందికి దూరే తీరం. దూరే ఫలకం మీదున్న ఒండ్రును పై ఫలకం అంచు పారతో గోకినట్టు గోకి ముందు కుప్పేస్తుంది. ఆ కుప్ప నలుగుతూ నీటినీ గ్యాసునూ కక్కుతుంది. పాకిస్తాన్, ఇరాన్‌ల మక్రాన్ తీరం, కరీబియన్‌లో బార్బడోస్, జపాన్ దక్షిణ తీరంలోని నాన్‌కై అగాధం, మధ్యధరా సముద్రంలో క్రీట్ దీవికి దక్షిణాన ఉన్న పొడవాటి మిట్ట, మన అండమాన్ దీవులు ఈ కోవలోవి.

ఏ ఫలకమూ ఏ ఫలకాన్నీ గుద్దని ప్రశాంతమైన తీరాల్లో కూడా ఉంటాయి. అక్కడ పెద్ద నదుల డెల్టాలే ఆ పని చేస్తాయి. నైలు, మిసిసిపీ లాంటి నదుల ముందు ఒండ్రు తన బరువుకే తాను వాలు మీద జారుతూ, కింది మెత్తని మట్టిని పక్కకూ పైకీ నెడుతుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఉప్పు పొరలు కూడా ఇలాగే పైకి లేచి దారులు తెరుస్తాయి. అమెరికా అట్లాంటిక్ తీరంలో ఇలాంటి ఊటలు పెద్దగా ఉండవనుకునేవారు. 2014లో ఒక్క పరిశోధనే అక్కడ సుమారు 570 ఊటలను చూపించింది.

ఇక ఉత్తరాన బారెంట్స్ సముద్రం. అక్కడ హిమానీనదాలు తెచ్చిన మట్టి, అవి కరిగాక తగ్గిన బరువు, రెండూ లెక్కలోకి వస్తాయి. నార్వేకు ఉత్తరాన సుమారు 1,250 మీటర్ల లోతున ఉన్న హాకోన్ మాస్బీ అనే బురద అగ్నిపర్వతం చాలాకాలంగా తెలిసినదే. 2023లో 400 మీటర్ల లోతున మరొకటి దొరికింది, బొరియాలిస్ అని పేరు పెట్టారు. 300 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల లోతు ఉన్న పెద్ద గుంట మధ్యలో కూర్చుని బురద కక్కుతోంది.

పసిఫిక్‌లో మరియానా అగాధం దగ్గరివి కూడా ఇవేనా?

కావు, పేరే కలిసింది. అక్కడ పైకొచ్చేది నది ఒండ్రు కాదు. లోతైన శిలలు నీటితో కలిసి మారిన సర్పెంటైన్ అనే పచ్చని ఖనిజపు ముద్ద. కొన్ని 50 కిలోమీటర్ల వెడల్పు, 2 కిలోమీటర్ల ఎత్తు ఉంటాయి. వాటి కథ వేరే.

మన తెలుగు తీరానికి ఎదురుగా ఉన్నాయా?

ఉన్నాయి. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కృష్ణా, గోదావరి నదులు లక్షల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రు తీరం దాటాక వాలు మీద కిలోమీటర్ల మందాన పడి ఉంది. అది జారుతూ, మడతలు పడుతూ ఉంటే కింది బంకమట్టి మిట్టలుగా ఉబ్బి లేచింది. ఆ మిట్టల మీద పగుళ్లు, పగుళ్ల వెంట గ్యాసు. కారణం ఇదీ అని చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతుక్కోనక్కర్లేదు.

2006లో భారత ప్రభుత్వ జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జోయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ ఇక్కడికి వచ్చింది. సుమారు వెయ్యి మీటర్ల నీటి కింద ఒక చోట దించిన గొట్టానికి దాదాపు 130 మీటర్ల మందాన హైడ్రేట్ తగిలింది, అదీ పగుళ్లిచ్చిన బంకమట్టిలో. హైడ్రేట్ అంటే నీటి అణువుల పంజరంలో మీథేన్ ఇరుక్కుని గడ్డకట్టిన మంచు. అగ్గిపుల్ల చూపిస్తే అంటుకుంటుంది. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 164 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. 2015లో చిక్యూ అనే జపాన్ ఓడతో రెండో విడత తవ్వినప్పుడు ఇసుక పొరల్లో కూడా హైడ్రేట్ దొరికింది.

అవి తవ్వితే దొరికినవి. 2018లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు సింధు సాధన నౌకలో వచ్చి, కృష్ణా గోదావరి బేసిన్‌లో సుమారు 1,750 మీటర్ల లోతున ఇప్పటికీ గ్యాసు ఊరుతున్న చోటును పట్టుకున్నారు. నేలకు కొద్ది మీటర్ల కిందే హైడ్రేట్ ముక్కలు, ఆ ఊటను నమ్ముకుని బతికే గుల్లలు దొరికాయి.

వెలుతురే లేని చోట ఆ జీవులు ఏం తిని బతుకుతాయి?

మీథేన్‌ను, దాని వల్ల పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను. నేరుగా కాదు, తమ ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా వండిపెడితే. ఇలాంటి చల్లని ఊటల జీవలోకం మొదటిసారి బయటపడింది 1984లో, ఫ్లోరిడా దగ్గర 3,200 మీటర్లకు పైబడిన లోతున. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఊటల దగ్గర పెరిగే గొట్టపు పురుగులు కొన్ని రెండు వందల ఏళ్లు బతుకుతాయి. వాటికి నోరూ లేదు, పేగూ లేదు. నోటితో తినే పనే లేని ఆ బతుకు గురించి చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం తగ్గదు.

ఊట దగ్గర నేల తెల్లని చాప పరిచినట్టు కనిపిస్తే అది బ్యాక్టీరియా పొర. దాని కింద మట్టిలో రెండు రకాల సూక్ష్మజీవులు జతగా బతుకుతాయి. ఒకటి మీథేన్‌ను తింటే, రెండోది సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను వాడుకుంటుంది. అవి గుత్తులుగా కలిసి ఉండడాన్ని 2000లో శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శినిలో చూపించారు. ఈ పని జరిగేటప్పుడు సున్నపురాయి పుడుతుంది. అందుకే ఆరిపోయిన ఊటల జాడ కూడా పోదు, రాతి పలకలుగా మిగిలిపోతుంది.

ఆ మీథేనంతా గాలిలో కలిసి భూమిని ఇంకా వేడెక్కిస్తుందా?

చాలావరకు పైదాకా రాదు. ముందు ఆ సూక్ష్మజీవుల జంట మట్టిలోనే ఎక్కువ భాగాన్ని తినేస్తుంది. తప్పించుకున్న బుడగ వందల మీటర్లు పైకి వచ్చేలోపు నీటిలో కరిగిపోతుంది. ఊట లోతు తక్కువైతేనే గ్యాసు గాలిలోకి చేరుతుంది. కాలిఫోర్నియాలో సాంటా బార్బరా దగ్గర తీరానికి ఆనుకుని ఉన్న ఊటల బుడగలు పడవలోంచే కనిపిస్తాయి.

అయితే బురద అగ్నిపర్వతం మామూలు ఊట లాంటిది కాదు. బురద వేగంగా తోసుకొస్తుంటే సూక్ష్మజీవులకు సల్ఫేట్ అందదు. హాకోన్ మాస్బీ దగ్గర కొలిచి చూస్తే అవి ఆపగలిగింది సుమారు 40 శాతమే.

సముద్రంలో రాత్రికి రాత్రి దీవులు పుడతాయంటారు, నిజమేనా?

నిజమే, ఎక్కువ కాలం నిలవవంతే. 2013 సెప్టెంబరు 24న పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. కేంద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, గ్వాదర్ తీరంలో, కాసేపటికే ఒక దీవి లేచింది. అడుగున ఉన్న బురద, రాళ్లు అలాగే పైకి వచ్చేశాయి. జనం పడవలేసుకుని వెళ్తే పగుళ్ల నుంచి గ్యాసు బుసలు కొడుతోంది. దానికి భూకంపపు కొండ అనే అర్థంలో జల్‌జలా కోహ్ అని పేరు పెట్టారు. అలలు కోసుకుంటూ పోగా 2016 చివరికి నీటి పైన ఏమీ మిగల్లేదు. ఆ తీరానికి ఇది కొత్త కాదు, 1945 నవంబరు భూకంపం తర్వాత కూడా ఇలా దీవులు లేచాయి.

కాస్పియన్‌లో కుమానీ అనే మిట్ట అయితే 1861 నుంచి వస్తూ పోతూనే ఉంది. 2023 ఆరంభంలో మళ్లీ దీవిగా లేచింది. 2024 చివరికి ఉపగ్రహ చిత్రాల్లో దాదాపు కనుమరుగైంది.

నిప్పు లేదన్నారు కదా, మంటలు లేచిన వీడియోలు ఎలా వచ్చాయి?

2021 జులై 4 రాత్రి కాస్పియన్‌లో ఆకాశమంత మంట లేచినప్పుడు గ్యాస్ ప్లాట్‌ఫారం పేలిందేమోనని అందరూ భయపడ్డారు. తీరా చూస్తే దాష్లీ దీవి మీది బురద అగ్నిపర్వతం. బయటికొచ్చేది మీథేన్, రాళ్లు ఒరుసుకుని ఒక రవ్వ పుట్టినా అంటుకుంటుంది. మండింది గ్యాసు, లావా కాదు.

ఇలాంటి మంటలకు మనవాళ్లు దణ్ణం పెట్టడం కొత్తేం కాదు. అజర్‌బైజాన్ రాజధాని బాకూ పక్కన సురాఖానీలోని ఆతెష్‌గాహ్ అనే అగ్ని గుడిలో, వ్యాపారానికి వెళ్లిన భారతీయులు వేయించిన సంస్కృత, పంజాబీ శాసనాలు ఈనాటికీ ఉన్నాయి. అక్కడి సహజ గ్యాసు 1969లో అయిపోయింది, ఇప్పుడు పైపులో వచ్చే గ్యాసుతో వెలిగిస్తున్నారు. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన హిమాచల్ జ్వాలాముఖిలో బండ సందుల్లోంచి వెలిగేదీ నేల నుంచి ఊరే గ్యాసే. మక్రాన్ తీరంలో హింగ్లాజ్ మాత దర్శనానికి వెళ్లే యాత్రికులు ముందుగా చంద్రగుప్ అనే బురద అగ్నిపర్వతం ఎక్కి, ఆ బురద గుండంలో కొబ్బరికాయ వేసి మొక్కుకుంటారు.

1995 పాశర్లపూడి బ్లోఅవుట్ ఇలాంటిదేనా?

మూలం ఒకటే, జరిగిన తీరు వేరు. కింద ఒత్తిడిలో ఉన్న గ్యాసు రెండిట్లోనూ ఉంది. ఊటలో గ్యాసు తనంతట తాను దొరికిన పగుళ్లలోంచి వస్తుంది. పాశర్లపూడిలో మనిషి దించిన బావిలోంచి అదుపు తప్పి ఎగసింది, రెండు నెలలకు పైగా మండింది. కోనసీమలో ఆ వేడినీ ఆ హోరునూ ఎరిగినవాళ్లకు, నేల కింద ఒత్తిడి అంటే ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

వేటకు వెళ్లే పడవలకు ప్రమాదమా?

మన తీరంలో తెలిసిన ఊటలు వందల మీటర్ల నుంచి వెయ్యి మీటర్లకు పైబడిన లోతున ఉన్నాయి. పడవకు వాటి జాడ కూడా తెలియదు. గ్యాసు బుడగలు ఓడలను ముంచేస్తాయన్న కథలు యూట్యూబ్‌లో బోలెడు తిరుగుతాయి. ఒక్క ఓడ విషయంలో కూడా అది రుజువు కాలేదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది సముద్రం అడుగున పైపులు, కేబుళ్లు వేసేవాళ్లు, బావులు తవ్వేవాళ్లు. మెత్తని నేల జారితే నష్టం వాళ్లకే.

అంత లోతున వీటిని ఎలా కనిపెడతారు?

చేపల గుంపును పట్టే సోనార్‌తోనే. ధ్వని తరంగాలు బుడగలకు తగిలి గట్టిగా తిరిగొస్తాయి. తెర మీద సముద్రపు నేల నుంచి పైకి సాగిన దీపశిఖలా ఊట కనిపిస్తుంది. ఆ తర్వాత అక్కడ గొట్టం దించి మట్టి తీస్తారు. మట్టి ఓడ మీదికి చేరేసరికి హైడ్రేట్ ఉంటే చిటపటమంటూ, నురగలు కక్కుతూ కరిగిపోతూ ఉంటుంది. వెంటనే ద్రవ నైట్రోజన్‌లో పెట్టకపోతే మిగిలేది తడి బురదే.

సముద్రం అడుక్కి వెళ్లలేం. కళ్లారా ఎక్కడ చూడొచ్చు?

అండమాన్‌లోని బారాటాంగ్ దీవిలో. పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) నుంచి పొద్దున్నే బయల్దేరాలి. దారి జారవా అనే ఆదివాసుల కోసం కేటాయించిన అడవి గుండా పోతుంది, వాహనాలను వరసగా కాన్వాయ్‌లోనే పంపుతారు, జారవాలను ఫొటోలు తీయడం నేరం. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, దారి అడగడానికి ఇబ్బంది లేదు.

ఎత్తయిన కొండ ఉంటుందనుకుని వెళ్తే నిరాశ పడతారు. చెట్ల మధ్య కంచె కట్టిన కాస్త బోసి నేల, దాని మీద బూడిద రంగు బురద. కంచె పట్టుకుని నిలబడి ఒక్క గుంటనే చూడండి. అరచేతంత వెడల్పు ఉంటుంది. ఉపరితలం నున్నగా, అప్పుడే అలికిన అరుగులా ఉంటుంది. కాసేపటికి మధ్యలో చిన్న ఉబ్బు. అది పెరిగి పెరిగి, అంబలి ఉడికేటప్పటి బుడగలా పలచబడి, టప్పుమని పగులుతుంది. అంచున కొంచెం బురద జారి ఆగుతుంది. మళ్లీ నున్నగా. చెయ్యి పెట్టనిస్తే చల్లగా తగులుతుంది. 2004 డిసెంబరు 26 భూకంపం తర్వాత ఇక్కడివే పెద్దగా ఎగజిమ్మాయి. మేం వెళ్లిన రోజు ఒక గుంటలో రెండు బుడగల మధ్య ఎంతసేపు పడుతోందో మా అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒకసారి పదకొండు, ఒకసారి నాలుగు, ఒకసారి ముప్పై దాటినా రాలేదు. డ్రైవరు హారన్ కొట్టేదాకా కంచె వదల్లేదు.